కావున

బడిపంతులకు పగలొక బడియు, రాత్రి యొక బడియు కలవు. పగటి బడిలో మేము మాటలాడుదుము, పిల్లలు విన్నట్లు కూర్చుందురు. రాత్రి బడిలో పిల్లలుండరు, వారి నోటుబుక్కులుండును. ఇంటిలోని వారందఱు పండుకొనిన పిదప ఎఱ్ఱసిరా కలము చేతబట్టి ఆ పుస్తకముల ముందు కూర్చుండుట మాకు ఇరువది యేండ్లకు మించిన యలవాటు. పగలు మేము చెప్పినదేమో, పిల్లలకు చేరినదేమో రాత్రి బడియందే తెలియును. ఆ బడిలో మేము నేర్చుకొనిన యొక చిన్న పాఠమును, దానిని నేర్చుకొనునపుడు మాకు కలిగిన యొక సిగ్గును చదువరులకు విన్నవింపదలచితిమి. పాఠము చాల చిన్నది: ఒక వాక్యమును మఱియొక వాక్యముతో నెట్లు కలుపవలెను అనునది. సిగ్గు మాత్రము అంత చిన్నది కాదు.

మేము చదివినది సంస్కృతమును ఆంగ్లమును. బడిలో చెప్పునది తెలుగు. ఆంగ్లోపాధ్యాయుని స్థానము ఖాళీ పడినపుడెల్ల ఆంగ్లమును. మొదట మిర్యాలగూడ, పిదప కోదాడ, ఇపుడు సూర్యాపేట. మేము కొలువున చేరునాటికి ఈ మూడును నల్లగొండ జిల్లాలోనివే. 2016 అక్టోబరులో జిల్లాలను విడదీసినపుడు కోదాడ క్రొత్త సూర్యాపేట జిల్లాలో చేరినది, మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినది. జిల్లాలు వేఱైనను మాకు మాత్రము ఈ మూడూళ్లును ఒక్క పాఠమునకు మూడు మెట్లు.

తెలుగు బడిలో చదివిన వారికి ‘కావున’ అను మాట మొట్టమొదట ఎక్కడ ఎదురైనదో జ్ఞాపకముండును. కథయందు కాదు, వ్యాసమునందు కాదు, సెలవుచీటియందు. ‘నాకు నిన్నటినుండి జ్వరముగా ఉన్నది. కావున రెండు రోజులు సెలవు ఇప్పించ ప్రార్థన.’ నాల్గవ తరగతి పిల్లవాడు ఈ చీటిని చూచి వ్రాయును. ఐదవ తరగతిలో చూడకయే వ్రాయును. జ్వరము వచ్చినను, మేనమామ పెండ్లి వచ్చినను, బతుకమ్మ పండుగకు ఊరికి పోవలసి వచ్చినను నడుమ నుండునది ఆ మాటయే. అది హేతువును చెప్పు మాటయని వానికెవరును విప్పి చెప్పరు. చీటికి వేయవలసిన ముద్రలలో అదియు నొకటి యని వాడు గ్రహించును. ముద్ర పడిన పిదప పంతులు ప్రశ్నింపడు. ఈ యలవాటు ఎంత దూరము పోవునో ముందు చెప్పెదము.

మిర్యాలగూడ వడ్ల యూరు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడిచిరి. ఎడమకాలువ నీరు వచ్చిన పిదప ఆ ప్రాంతపు మెట్టచేలు మాగాణులైనవి. మాగాణుల వెంట బియ్యపు మిల్లులు వచ్చినవి. మా బడి కిటికీనుండి చూచినచో మిల్లు ముంగిట ఆరబోసిన వడ్లు కనబడుచుండెను. మా పిల్లల వ్యాసములును అట్లే యుండెను: గింజ గింజ మంచిదే, ఒకటి మఱియొకదాని నంటదు. ‘చెట్లు మనకు నీడనిస్తాయి. చెట్లు గాలినిస్తాయి. మనం చెట్లు నాటాలి. అశోకుడు చెట్లు నాటించాడు.’ ఈ నాలుగు వాక్యములను ఏ వరుసలో నుంచినను వచ్చు నష్టము లేదు, లాభమును లేదు.

అపుడు మేము చిన్నవారము. ఆంగ్లవ్యాసరచన నేర్పు పుస్తకములు కొన్ని చదివియుంటిమి. వానిలో కలుపుమాటల పట్టికలుండును: చేర్చి చెప్పుటకు కొన్ని, ఎదురు చెప్పుటకు కొన్ని, కారణమునకు కొన్ని, ముగింపునకు కొన్ని. మేమును ఒక పెద్ద అట్టపై ఇరువదినాలుగు తెలుగు మాటలు వ్రాసి గోడకు తగిలించితిమి: మఱియు, అంతేకాక, కాని, అయినప్పటికి, కావున, అందువలన, ఉదాహరణకు, చివరగా; ఇట్లు. వ్యాసమున ఆరు మాటలైన వాడిన వారికి రెండు మార్కులు అధికమని ప్రకటించితిమి. వారము తిరుగకమున్నే ఫలితము చేతికి వచ్చెను. ‘చెట్లు మనకు నీడనిస్తాయి. అంతేకాక గాలినిస్తాయి. అయినప్పటికీ మనం చెట్లు నాటాలి. కావున అశోకుడు చెట్లు నాటించాడు.’ మా మిర్యాలగూడ పిల్లవాని యుపదేశము విని అశోకచక్రవర్తి చెట్లు నాటించెనని ఆ రాత్రి మాకు తెలిసెను. నవ్వితిమి. ఇచ్చిన మాట తప్పరాదు గనుక మార్కులును ఇచ్చితిమి.

నవ్వు ఎంతోసేపు నిలువలేదు. పిల్లవాడు మేము చెప్పినట్లే చేసెను. కలుపుమాటలు కావలెనంటిమి, తెచ్చి పెట్టెను. కలుపవలసినదేదో మేము చెప్పలేదు. అపుడు మాకు మా గురువుగారి యింటి యరుగుమీద చదివిన తర్కసంగ్రహము జ్ఞప్తికి వచ్చెను. పదములు కలిసి వాక్యార్థము నిచ్చుటకు మూడు కావలెనని అన్నంభట్టు చెప్పెను: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ‘ఆవు, గుఱ్ఱము, మనుష్యుడు’ అని వరుసగా పలికినంత మాత్రమున వాక్యము కాదు. ఒక మాట మఱియొక మాటను కోరుట లేదు. అది ఆకాంక్ష లేకపోవుట. ‘నిప్పుతో తడుపుచున్నాడు’ అన్నచో మాటలు ఒకదానినొకటి కోరుచున్నవి గాని పొసగుట లేదు. అది యోగ్యత లేకపోవుట. ఒక మాట నిపుడును మఱియొక మాటను జాముసేపటికిని పలికినచో సన్నిధి లేదు. శాస్త్రము దీనిని వాక్యములోని పదములకు చెప్పినది. మేము పేరాలోని వాక్యములకు పట్టించి చూచితిమి; సరిగా సరిపోయెను. మా పిల్లల మొదటి వ్యాసమున ఆకాంక్ష లేదు. మేము అట్ట తగిలించిన పిదప వ్రాసిన దానిలో ఆకాంక్ష యున్నట్లు వేషమున్నది, యోగ్యత లేదు.

ఆంగ్లమువారు మాత్రము కలుపుమాటలే చాలునని చెప్పిరా? వారి పెద్దలు అట్లనలేదు. స్కాట్లండు దేశపు పండితుడైన అలెగ్జాండర్ బెయిన్ 1866లో ఆంగ్లరచననుగూర్చి వ్రాసిన గ్రంథమున, ప్రతి వాక్యమునకును వెనుకటి దానితో గల సంబంధము స్పష్టముగా నుండవలెనని పేరాకు మొదటి నియమముగా చెప్పెను. సంబంధము స్పష్టముగా నుండవలెననెనే కాని ప్రతి వాక్యపు నెత్తిన నొక మాట నెక్కింపుమనలేదు. 1976లో మైకేల్ హాలిడేయు రుఖయ్యా హసనును వ్రాసిన గ్రంథమున వాక్యములు కలియు విధములు ఐదని విడదీసి చూపిరి: ‘అది, అతడు’ వంటి మాటలతో వెనుకటి దానిని చూపుట, ఒక మాటకు బదులు మఱియొకటి నిలుపుట, తెలిసిన దానిని మరల చెప్పక విడుచుట, కలుపుమాట వాడుట, అదే మాటను గాని దానికి చుట్టమైన మాటను గాని మరల తెచ్చుట. ఐదింట కలుపుమాట యొక్కటి. మా యట్ట మిగిలిన నాల్గింటిని మఱచినది.

అట్టను దింపి వేసితిమి. దానికి బదులు పిల్లలకు ఒక్క పని నేర్పితిమి. ఒక వాక్యము వ్రాసి కలమెత్తవలెను. ఎదుట నొకడు కూర్చుండి వినుచున్నాడనుకొనవలెను. ఆ వాక్యము విని వాడేమి యడుగునో తలచుకొనవలెను. ‘చెట్లు నీడనిస్తాయి’ అన్నచో వాడు ‘అయితే ఏమి?’ అనును. ‘మిర్యాలగూడలో ఏప్రిల్ నెలలో బస్సు కొఱకు నిలుచుండిన వానికి ఆ సంగతి తెలియును’ అని చెప్పినచో వాడు తలయూపి ‘ఇపుడు చెట్లు లేవా?’ అనును. ‘రోడ్డు వెడల్పు చేసినపుడు కొట్టివేసిరి’ అన్నచో ‘మరల నాటలేదా?’ అనును. ఈ విధమున ప్రతి వాక్యమును వెనుకటి వాక్యము లేపిన ప్రశ్నకు బదులైనపుడు కలుపుమాట కావలసిన చోట తానే వచ్చును, అక్కఱలేనిచోట రాదు. తెలుగున ‘సంగతి’ యనగా విషయము. సంస్కృతమున ‘సంగతి’ యనగా కలియుట. కలియుట లేని విషయము విషయమే కాదని మన పూర్వులు ఆ మాటను తెచ్చుకొనినపుడు తలచిరేమో యని మేము పలుమాఱులు ముచ్చటపడితిమి.

పిదప మమ్ము కోదాడకు మార్చిరి. అక్కడ మాకు రెండవ మెట్టు దొరకెను. ఒకనాడు ఏడవ తరగతి బాలుడొకడు ఆలస్యముగా వచ్చి గుమ్మమున నిలిచెను. కారణమడుగగా వాడిట్లు చెప్పెను: ‘మా బర్రె తప్పిపోయింది సార్. తాడు తెగినా అదెటూ పోదని ఊకున్నం. పొద్దుగూకినంక చూస్తే లేదు. పొద్దుగాల లేసి ఎతుక్కుంట కాలువ దాక పోతే నీళ్లల్ల పండుకొని ఉంది. ఎంత గుంజినా లేవలే, మా అమ్మ పిలిస్తేనే లేసింది.’ తరగతి యంతయు నవ్వెను. మేము వానిని కూర్చుండబెట్టి ఆ మాటలనే వ్రాయుమంటిమి. వాడు వ్రాసినది చూడుడు: ‘మా గేదె తప్పిపోయినది. తర్వాత మేము వెతికాము. తర్వాత అది కాలువలో ఉన్నది. కాని అది లేవలేదు. తర్వాత మా అమ్మ పిలిచింది. కావున అది లేచింది.’

నోటిలో నున్న కథ కలములోనికి వచ్చుసరికి దాని కీళ్లన్నియు ఊడినవి. నోటి మాటలో మా యట్టమీది మాట యొక్కటియు లేదు. ‘తెగినా’ అనునపుడు ఎదురు చెప్పుట యున్నది. ‘చూస్తే’, ‘పోతే’ అనునపుడు ముందు జరుగునదాని కొఱకు చెవి నిక్కించుట యున్నది. ‘ఎతుక్కుంట’ అనునపుడు రెండు పనులు కలిసి నడచుచున్నవి. ‘పిలిస్తేనే’ యను మాట చివరి యేత్వములో తల్లికి తప్ప మఱియెవరికిని ఆ బఱ్ఱె లొంగదను సంగతి యంతయు నున్నది. మన వ్యాకరణములు వీనికి క్త్వార్థకము, శత్రర్థకము, చేదర్థకము, అప్యర్థకము అని పేళ్లు పెట్టినవి. మేమును ఆ పేళ్లను పిల్లలచే వల్లె వేయించితిమి. కాని అవియే తెలుగు వాక్యమునకు కీళ్లని చెప్పలేదు. ఆంగ్లమున కలుపుమాట తఱచుగా రెండవ వాక్యపు తలమీద నుండును. తెలుగున కలుపు మొదటి క్రియ తోకలోనే యుండును. ‘వాన కురిసింది. అయినప్పటికీ చెఱువు నిండలేదు’ అనుట తప్పు కాదు. ‘వాన కురిసినా చెఱువు నిండలేదు’ అనునది మన యింటి మాట. నాటినుండి కోదాడలో మా నియమమిది: మొదట చెప్పుము, పిదప వ్రాయుము, వ్రాసినదానిని పైకి చదువుము, నోట తడబడినచోట కీలు ఊడినదని తెలిసికొనుము.

ఈ రెండు మెట్లు ఎక్కి మేము సూర్యాపేటకు వచ్చితిమి. వాక్యములను కలుపు విద్య మాకు పట్టుబడినదని లోలోపల కొంత గర్వముండెను. ఆ గర్వము అణగిన దినమును ఇపుడు చెప్పవలెను.

తొమ్మిదవ తరగతికి ‘మా కుటుంబము’ అను వ్యాసమిచ్చితిమి. ఒక బాలుడు వ్రాసెను: ‘మా నాన్నకు రెండెకరాల పొలం ఉంది. ఈ ఏడు పత్తి సరిగా పండలేదు. కావున మా అక్క చదువు మానేసింది. నేను తొమ్మిదవ తరగతి చదువుతున్నాను.’ రాత్రి బడిలో మేము ఆ ‘కావున’ క్రింద ఎఱ్ఱగీత గీచి ‘బాగున్నది’ అని వ్రాసితిమి. పత్తి పోవుట కారణము, చదువు మానుట కార్యము. మాట సరియైన చోట పడినది. మఱునాడు తరగతిలో ఆ నాలుగు వాక్యములను పైకి చదివి, హేతువు నిట్లు చెప్పవలెనని మెచ్చుకొంటిమి. వెనుక బల్లనుండి యొక బాలిక లేచెను. సాధారణముగా నోరు విప్పని పిల్ల. ‘సార్, పత్తి పండకుంటే వాడు గూడ మానాలె గద. ఆ కావున వాళ్ల అక్కకొక్కదానికేనా?’ అని యడిగి కూర్చుండెను.

తరగతిలో నిశ్శబ్దము. మాకు బదులు తోచలేదు. యోగ్యత, యోగ్యత యని యేండ్ల తరబడి పాఠము చెప్పిన మేము ఆ వాక్యమును రాత్రి చదివితిమి, పగలు చదివితిమి. రెండుమాఱులును అందు లోపము మాకు కనబడలేదు. ‘నిప్పుతో తడుపుచున్నాడు’ అన్నచో వెంటనే పట్టుకొను వారము, దీనిని పట్టుకొనలేకపోతిమి. ఎందుకనగా ఆ వాక్యమును మేము పుట్టినప్పటినుండి వినుచున్నాము. విని విని చెవికి నునుపైనది.

తర్కమున అనుమానమునకు ఐదవయవములు చెప్పుదురు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము. కొండమీద నిప్పున్నది; పొగ యున్నది గనుక; పొగ యెక్కడ నుండునో అక్కడ నిప్పుండును, వంటయింటియందు వలె; ఈ కొండయు నట్టిదే; కావున కొండమీద నిప్పున్నది. నిత్యము మాటలాడునపుడు మనము నడుమ నున్న ఉదాహరణ వాక్యమును మ్రింగివేసి ‘పొగ వచ్చుచున్నది, కావున నిప్పున్నది’ అందుము. మ్రింగిన వాక్యము నిజమైనపుడు హాని లేదు. ‘పత్తి పండలేదు, కావున అక్క చదువు మానినది’ అనునపుడు మ్రింగిన వాక్యమేది? ‘పత్తి యెక్కడ పోవునో అక్కడ ఆడుపిల్ల చదువు పోవును’ అనునది. పొగకును నిప్పునకును గల సంబంధము మనుష్యులు చేసినది కాదు. దీనిని మనము చేసితిమి. ‘కావున’ అను మాట రెంటిని ఒక్క తీరున చూపును.

మేము నల్లబల్లపై ఆ రెండు వాక్యములను వ్రాసి, నడుమ జానెడు చోటు విడిచి, ‘ఇక్కడ నేమి యుండవలెను?’ అని యడిగితిమి. ‘పైసలు లేవు’ అని యొకడు. ‘మఱి వానికెట్ల ఉన్నయి?’ అని యా బాలికయే. ‘అక్కకు పెండ్లి చేయాలె’ అని యొకతె. చివరకు వ్యాసము వ్రాసిన బాలుడు తల వంచుకొని చెప్పెను: ‘కూలోళ్లకిచ్చేందుకు పైసల్లేక అక్కను పత్తి ఏరనీకి పెట్టిన్రు సార్. నేను ఏరుత అంటే, నువ్వు మగపిల్లగానివి, చదువుకో అన్నరు.’ జానెడు చోటు నిండినది. మఱునాడు వాడు తనంతట తానే తిరుగ వ్రాసి తెచ్చెను: ‘ఈ ఏడు పత్తి తక్కువ వచ్చింది. కూలీలకు ఇవ్వడానికి డబ్బు లేకపోతే అక్కను పత్తి ఏరడానికి పెట్టారు. అక్క నాకన్నా బాగా చదివేది. అయినా బడి మానింది అక్కే.’ అందు ‘కావున’ లేదు. మేము ఆ పేరాకు మార్కులు వేయలేదు. చదివి, సంతకము చేసి, పుస్తకమును వాని చేతికిచ్చితిమి.

ఇందు మా తప్పును దాచరాదు. పిల్లవాని యింటి సంగతిని నలుబదిమంది యెదుట చదువుట తగినపని కాదు. మూడు దినములకు వాని తండ్రి బడికి వచ్చెను. కోపముతో రాలేదు, అంతకంటె భారమైన ముఖముతో వచ్చెను. ‘మా ఇంటి సంగతి బడిల చదివిన్రంట సారూ’ అనెను. తప్పు మాది, క్షమింపుమని వేడుకొంటిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, ‘ఆ పోరడు రాసింది అబద్ధం గాదు. గని పదిమందిల చదువుడెందుకు?’ అనెను. ఆ రెండు వాక్యములను ‘గని’ యను చిన్నమాటతో ఆయన కలిపిన తీరున ఎంత న్యాయమున్నదో! మా యట్టమీద ఇరువదినాలుగు మాటలుండియు మాకంత సూటిగా చెప్పుట రాదు. తెలంగాణ ఓపెన్ స్కూలు సొసైటీ వారి పదవ తరగతి పరీక్షకు దినదినము బడికి పోనక్కఱలేదని, పనివేళలు పోగా చదువవచ్చునని చెప్పి, ఆ వివరములు కాగితముపై వ్రాసి యిచ్చితిమి. ఆయన మడిచి జేబులో నుంచుకొనెను. ఆ పిల్ల దరఖాస్తు పెట్టినదని పిమ్మట తమ్ముడు చెప్పెను. పరీక్ష ఇంకను వ్రాయలేదు.

ఆ రాత్రి మాకు పుస్తకములు దిద్దుటకు మనసు రాలేదు. మా యింటను ఒక ‘కావున’ కలదు. మాకు రెండేండ్లు పెద్దదైన అక్క యేడవ తరగతితో చదువు మానెను. ‘మన ఊరి బడి ఏడు వరకే, కావున అక్క మానింది’ అని మా యింట అందఱును చెప్పుదురు. మేమును మా పిల్లలకు అట్లే చెప్పితిమి. మేము ఎనిమిదవ తరగతికి ఆరు కిలోమీటర్ల దూరపు బడికి సైకిలుమీద పోయితిమి. ఊరు ఒక్కటే, దూరము ఒక్కటే. ఇన్నేండ్లలో ఆ రెండు వాక్యములను ఒకదాని ప్రక్క నొకటి నుంచి చూడలేదు. చూచియుండినచో వెనుక బల్ల బాలిక యడిగిన ప్రశ్న మాకును వినబడెడిది.

వచ్చిన ఆదివారము అక్కను చూచుటకు బయలుదేరితిమి. ఆమె కాపురము కోదాడకు ఆవలి పల్లెలో. సూర్యాపేటనుండి కోదాడకు పోవు రహదారిమీద నడుమ మునగాల వచ్చును. నైజాము కాలమున చుట్టును ఆయన రాజ్యమే యున్నను మునగాల పరగణా మాత్రము మదరాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందియుండెను. ఆ సంస్థానమునకు దివానుగా నుండిన కొమర్రాజు లక్ష్మణరావుగారు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును నెలకొల్పిన వారిలో నొకరు. 1906లో విజ్ఞానచంద్రికామండలిని స్థాపించి చరిత్రమును శాస్త్రములను తెలుగు వచనమున ఇంటింటికి చేర్చినవారు. మేము కోదాడలో నుండిన యేండ్లలో మునగాల మీదుగా పోవునపుడెల్ల ఆయనను తలచుకొనెడివారము. ఆనాడు మాత్రము ఆయన అక్కగారు తలపునకు వచ్చిరి.

భండారు అచ్చమాంబగారు 1874లో పుట్టి 1905లోనే పోయిరి. ఆమె బడికి పోలేదు. ఇంటియందు తమ్మునితో పాటు కూర్చుండి చదువు నేర్చిరి. ‘అబలాసచ్చరిత్రరత్నమాల’ యను పేర స్త్రీల చరిత్రములు వ్రాసిరి. అది 1901లో వెలువడెను. 1902లో ‘ధనత్రయోదశి’ యను కథ వ్రాసిరి. బడి లేదు, అయినను ఇంత పని జరిగెను. ఈ ‘అయినను’ చూచి మనము సంతోషింపవలసినదే. కాని దీనిని చూపి ‘పట్టుదల యున్న ఆడుపిల్ల ఎట్లయినను చదువును’ అని ముగించువారు కొందఱు కలరు. అట్లు ముగించుట మఱియొక ముద్ర వేయుటయే. ఒక్క స్త్రీ ‘అయినను’ చాటున వేలమంది ‘కావున’ను దాచరాదు. ఆమె ప్రక్కను పుస్తకము పంచుకొని కూర్చుండిన తమ్ముడొకడుండెను. మా యింటను తమ్ముడుండెను. వాడు సైకిలెక్కి పోయెను.

అక్క వాకిట చింతపండు గింజ తీయుచుండెను. మాటల నడుమ మెల్లగా అడిగితిమి: ‘అక్కా, నీ చదువు నిజంగ బడి దూరమనే మానిపించిన్రా?’ ఆమె తలయెత్తకయే చెప్పెను: ‘దూరమనే అన్నరు. సైకిలు అప్పుడు గూడ ఉండెరా తమ్ముడా. నాయనకు పొలం కాడికి కావాలె అన్నరు. నీ వంతుకొచ్చేసరికి నాయన నడిచిపోయిండు.’ చెప్పి, ‘చాయ తాగుతవా?’ అని లోనికి పోయెను. ఆమె మాటలో నింద లేదు. పొలమునకు నడచిపోయిన మా నాయనయందు మాకున్న భక్తియు తగ్గలేదు. కాని మా చదువునకు ఆయన నడక యొక్కటియే మూల్యమనుకొని యింతకాలము బ్రతికితిమి. అక్క నిలిచిపోవుటయు అందులోనిదే యని ఆనాడు తెలిసెను.

మా పాఠమింతే. వాక్యములను కలుపు మాటలు అలంకారములు కావు, అవి సాక్ష్యములు. ‘కావున’ అని వ్రాయువాడు ఒకదానివలన మఱియొకటి తప్పక కలిగినదని ప్రమాణము చేయుచున్నాడు. ‘అయినను’ అని వ్రాయువాడు కలుగవలసినది కలుగలేదని చెప్పుచున్నాడు. ‘అంతేకాక’ యనువాడు ముందు చెప్పినదానికి నిజముగా క్రొత్తది చేర్చవలెను. ఇంట మీ పిల్లలు వ్యాసము వ్రాసి చూపినపుడు కలుపుమాటలెన్ని యున్నవో లెక్కింపకుడు. పైకి చదువుమనుడు. ప్రతి ‘కావున’ యొద్దను ఆపి, ‘ఈ రెంటి నడుమ నేమి మ్రింగితివి?’ అని యడుగుడు. పిదప, వీలైనచో, మీరు మాటలాడు ‘కావున’లను గూడ వారినే అడుగనిండు. వారు అడుగుదురు, వెనుక బల్లలవారు మఱియు బాగుగా అడుగుదురు.

ఈ వ్యాసము ముగించుచుండగా మా యెదుట నేటి సెలవుచీట్లు కొన్ని యున్నవి. ఒకదానిలో ఆఱవ తరగతి బాలిక వ్రాసినది: ‘మా తమ్మునికి జ్వరం వచ్చింది. కావున నాకు రెండు రోజులు సెలవు ఇప్పించ ప్రార్థన.’ అక్షరములు ముత్యములవలె నున్నవి. ఇంట జ్వరముతో పిల్లవాడున్నాడు, ఎవరో యొకరు కనిపెట్టుకొని యుండవలెను, సంతకము చేసితిమి. ఎల్లుండి ఆమె బడికి వచ్చినపుడు ప్రక్కకు పిలిచి, నలుగురి యెదుట కాక, ఆ రెండు వాక్యముల నడుమ నేమున్నదో అడుగవలెను.